నోటి ఓటు

మా ఆఫీసు మేడ్చల్ హైవే మీద, ఒక టైల్స్ షాపు పైన రెండో అంతస్తులో ఉండేది. కింద రాయి కోసే మిషన్ మొదలైతే పైన మా బల్లలు సన్నగా వణికేవి. అక్కడ కూర్చుని మూడేళ్లు నేను అమెరికా వాళ్ల పాత కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించాను. చర్చి రిజిస్టర్లు, ఓడల్లో దిగినవాళ్ల జాబితాలు, ఎప్పుడో పోయినవాళ్ల వీలునామాలు. చివరగా వర్జీనియా అనే రాష్ట్రం నుంచి, ఆ దేశం కొత్తగా పుట్టిన రోజుల్లో జరిగిన అధ్యక్ష ఎన్నిక తాలూకు పోలింగు పుస్తకాలు వచ్చాయి. ఆ పుస్తకాల దగ్గర నేను చేసిన పని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఆ కాగితాల పాత చేతిరాత చదవగలిగేది ఆఫీసు మొత్తానికి ఇద్దరమే. నేను, సార్. సార్ అంటే నా పై అధికారి కాదు, నాతో పాటు టైపు చేసేవారే. గోదావరి జిల్లా నుంచి పాతికేళ్ల క్రితం వచ్చారు. యాభై ఐదు దాటాయి. ఆ రాత చదవడం నాకు నేర్పింది ఆయనే కాబట్టి సార్ అనేదాన్ని. మొదటి నెలలో ఒక్కో అక్షరం దగ్గర నేను నెత్తి కొట్టుకుంటుంటే, తన పని పక్కన పెట్టి వచ్చి, పెన్సిల్ మొనతో తెర మీద చూపిస్తూ, "వీడి చెయ్యి ఎటు తిరుగుతుందో చూడమ్మా, అక్షరం అదే తెలుస్తుంది" అనేవారు. నేను పదో తరగతి నుంచి నలుగురు మాస్టార్ల దగ్గర ఇంగ్లిష్ నేర్చుకున్నాను. చదవడం మాత్రం ఈయన దగ్గరే వచ్చింది.

ఆ ఎన్నిక ఎలా జరిగిందో కూడా ఆయనే చెప్పారు. చీటీ లేదు, పెట్టె లేదు, అడ్డంగా అట్ట ముక్క కూడా లేదు. కోర్టు దగ్గర బల్ల వేసుకుని అధికారి కూర్చుంటాడు. పోటీలో ఉన్న పెద్దమనుషులు ఆ పక్కనే కూర్చుంటారు. ఓటరు వచ్చి, అందరూ వింటుండగా, తన ఓటు ఎవరికో నోటితో చెప్పాలి. గుమాస్తా ఆ పెద్దమనిషి పేరు కింద ఓటరు పేరు రాసుకుంటాడు. ఓటు పడ్డాయన లేచి, కాస్త వంగి, ఓటరుకు కృతజ్ఞతలు చెబుతాడు. ఇంతా చేస్తే ఆ ఓటు అధ్యక్షుడికి కాదు. ఆ ప్రాంతం తరఫున వెళ్లి అధ్యక్షుడికి ఓటు వేసి రావలసిన మనిషికి. ఆడవాళ్లకు ఓటు లేదు. బానిసలకు లేదు. భూమి లేని మగవాడికి కూడా లేదు.

"మా ఊరి ముచ్చటే గద సార్ ఇది" అన్నాను.

సార్ నవ్వారు. నేను మాత్రం నవ్వించడానికి అనలేదు. శామీర్‌పేట దాటాక లోపలికి మా ఊరు. బాపు, అంటే మా నాన్న, ఒకసారి సర్పంచ్‌గా నిలబడి ఓడిపోయాడు. మర్నాడు పొద్దున వాకిట్లో మంచం మీద కూర్చుని, ఇంటింటి పేరూ చెప్పుకుంటూ ఎవరి ఓటు ఎటు పోయిందో తేల్చాడు. పెట్టెలో వేసిన చీటీ ఆయనకెలా కనబడిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా పొలంలో ఏళ్ల తరబడి పనిచేసిన ముసలాయనను పిలిపించి, పదిమంది ముందు అడిగాడు. "ఎవరికేసినవ్ రా?" ముసలాయన భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, "మీకే పటేలా" అన్నాడు. బాపుకు అది అబద్ధమని తెలుసు. బాపుకు తెలుసని ముసలాయనకూ తెలుసు. మళ్లీ ఆయన మా పొలంలో కనబడలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ ముసలాయన మీద నాకు కోపం వచ్చింది. వెయ్యలేదని చెప్పొచ్చు కదా, ఏం పోతుంది అనుకున్నాను. బాపు మీద కోపం రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

అందుకని వర్జీనియా రైతుల పేర్లు కొడుతుంటే నాకు జాలి కలిగేది కాదు, ఒళ్లు మండేది. ఒకే ఇంటిపేరు వాళ్లు ఆరుగురు వరసగా వచ్చి, ఒకే పెద్దమనిషి పేరు చెప్పి పోయి ఉంటారు. "గొర్లు" అనేదాన్ని పైకే. సార్ తన వరసలోంచి, "అక్కడ నిలబడ్డవాడికి తెలుస్తుందమ్మా" అనేవారు.

తన వరస అన్నాను కదా, అది మా పనిలో ముఖ్యమైన సంగతి. ఒకే పేజీని ఇద్దరు విడివిడిగా కొట్టాలి. పక్కపక్కన కూర్చోకూడదు, ఒకరి తెర ఒకరు చూడకూడదు. తర్వాత కంప్యూటర్ ఇద్దరి పనినీ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న చోట ఎర్రగా చూపిస్తుంది. చెకింగ్ చేసే అమ్మాయి ఆ ఎర్ర చోట్లు మాత్రమే చూసి ఏది సరైనదో తేలుస్తుంది. ఎర్రగా లేని చోటికి ఎవరూ పోరు. ఇద్దరు మనుషులు విడివిడిగా ఒకే తప్పు చెయ్యరని నమ్మకం. ఆ నమ్మకం మీదే మా అందరికీ జీతాలు వచ్చేవి.

పోలింగు పుస్తకాలు మొదలైన రెండో వారంలో చెకింగ్ అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. "అక్కా, మీ ఇద్దరి పేజీలు మిర్చి ఆరబోసినట్టున్నయి. ఎవరిది తప్పో నాకు సమజ్ అయితలేదు" అంది. నేను చూశాను. తప్పులన్నీ సార్‌వే. పేరు మధ్యలో అక్షరాలు లేవు. ఒక్కో చోట రెండు వరసలు కలిసిపోయాయి.

మధ్యాహ్నం అన్నం డబ్బాలు తెరిచే దగ్గర అడిగాను. "ఏంది సార్, కండ్లకేమైంది?"

ఆయన పెరుగన్నం కలుపుతూ చెప్పారు. షుగరు కళ్ల లోపలికి వెళ్లిందట. చూపు మధ్యలో మసక మచ్చ వచ్చిందట. ఏ మాట మీద చూపు నిలిపితే ఆ మాటే కనబడదు, చుట్టూ ఉన్నదంతా కనబడుతుంది. ఆపరేషన్ చేసినా గ్యారంటీ ఇవ్వలేమన్నారట.

"ఆఫీసులో చెప్పి వేరే పని అడుగుర్రి."

"వేరే పని ఏముందమ్మా ఇక్కడ? అన్నీ తెర ముందువేగా." డబ్బా మూత పెట్టారు. "ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఆస్పత్రి కార్డు. కార్డు ఉన్నన్నాళ్లే ఆవిడకి డయాలసిస్సు."

భార్యకు రెండు కిడ్నీలూ పోయిన సంగతి మాకందరికీ తెలుసు. వారానికి మూడుసార్లు, ఆ కార్డు మీద, ఇంటికి దగ్గర్లోని ప్రైవేటు ఆస్పత్రిలో రక్తం శుభ్రం చేయించుకునేది. కార్డు పోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ మచ్చ ఆఫీసుకు కనబడకుండా ఎన్నాళ్లు గడిస్తే అన్నాళ్లు ఆమెకు గడుస్తుంది, అంతే.

"మీ పేజీలు నేను కొడ్త" అన్నాను. ఆలోచించి అన్నది కాదు. నా తీరే అంత, ముందు మాట వస్తుంది, బుద్ధి వెనక బస్సులో వస్తుంది.

మర్నాటి నుంచి ఏడింటికే బయల్దేరేదాన్ని. శామీర్‌పేట చౌరస్తాలో షేర్ ఆటో కోసం నిలబడితే తుర్కపల్లి ల్యాబులకు పోయే క్యాబులు అద్దాలు ఎత్తుకుని పోతుండేవి. ఊడ్చే అమ్మ దగ్గర తాళం తీసుకుని, సార్ కుర్చీలో కూర్చుని, సార్ చెప్పిన పాస్‌వర్డ్‌తో, ముందు రోజు నేను నా పేరు మీద కొట్టిన పేజీనే మళ్లీ మొదటి నుంచి చూసి కొట్టేదాన్ని. నా ఫైలు తెరిచేదాన్ని కాదు. దొంగపనే అయినా దాంట్లో ఒక పద్ధతి ఉండాలనుకున్నాను. సార్ పగలంతా ఆ కుర్చీలోనే కూర్చుని, పెద్దక్షరాల అచ్చు కాగితాలేవో మెల్లగా కొట్టుకునేవారు.

ఒక చిక్కు వచ్చింది. రెండు సార్లూ నేనే కొడితే ఎర్ర చోట్లు రావు. ఒక్క ఎర్ర మరక లేని పేజీ వరసగా నాలుగు రోజులు వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకని ఫైలు మూసేముందు సార్ పేజీలో ఐదారు తప్పులు నేనే పెట్టేదాన్ని. ఇక్కడ ఒక అక్షరం, అక్కడ ఒక చుక్క. చెకింగ్ అమ్మాయి వాటిని దిద్దుకునేది. నా పేజీ ఎప్పుడూ సరైనది, సార్ పేజీలో ఎప్పుడూ చిన్న తప్పులు. ఆ తప్పులు నా పేజీలో కూడా కొన్ని పెట్టొచ్చు కదా అని మీరడగొచ్చు. నాకా ఆలోచన రాలేదు. నిజం చెప్పాలంటే వచ్చింది. నా పేజీ చెడగొట్టుకోవడానికి మనసొప్పలేదు.

ఇలా రెండు నెలలు నడిచింది. పండగ ముందు ఆయన ఇంట్లో చేయించిన సున్నుండలు డబ్బాలో తెచ్చిచ్చారు. "ఆవిడ మిమ్మల్ని చూడాలంటోందమ్మా" అన్నారు.

తర్వాత ఒక పొద్దున మేడ్చల్ దగ్గర రోడ్డు జామైంది. మున్సిపల్ ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఎవరో నామినేషన్ వెయ్యడానికి డప్పులతో, బైకులతో పోతున్నారు. మా ఆయన కూడా ఆ గుంపులో ఎక్కడో కండువా వేసుకుని ఉండి ఉంటాడు. ప్లాట్లు అమ్మించే పని, లీడర్ల వెనక తిరిగే పని, ఆయనకు రెండూ ఒకటే. నేను ఆటో దిగి నడిచి, ఆఫీసు చేరేసరికి, అందరూ వచ్చే తొమ్మిదింటికి ఇరవై నిమిషాలే ఉన్నాయి. పేజీ మొత్తం మళ్లీ కొట్టే టైము లేదు. మొదటిసారి నా ఫైలు తెరిచాను. దాన్ని సార్ ఫైల్లోకి దించేసి, ఏడు తప్పులు పెట్టి మూసేశాను.

ఆ పేజీ ఒక ఆకుకు వెనక వైపు. ముందు వైపు ఎడమ వరస మీద ఒక పెద్దమనిషి పేరు, కుడి వరస మీద ఇంకొకాయన పేరు ఉన్నాయి. వెనక్కి తిప్పితే పైన పేర్లు లేవు, ఉత్త ఓటర్ల వరసలే. ముందున్నట్టే ఉంటుందనుకుని ఎడమవన్నీ మొదటాయనకు, కుడివన్నీ రెండో ఆయనకు వేసేశాను. గుమాస్తా పేజీ తిప్పినప్పుడు వరసలు మార్చి రాశాడు. అది తెలుసుకునే దారి ఒకటే, ఓటర్ల పక్కన ఉన్న వరస నంబర్లు. ముందు పేజీలో ఎడమ వరస నలభై ఒకటి దగ్గర ఆగితే, వెనక పేజీలో నలభై రెండు కుడివైపు మొదలైంది. ఆ నంబర్లు మేము కొట్టనక్కర లేదని, పని ఇచ్చిన అమెరికా క్లయింట్లు చెప్పారు. అందుకే సార్ మొదటి రోజే చెప్పారు, "పేజీ తిప్పగానే నంబరు చూడమ్మా, పేర్ల సంగతి తర్వాత" అని. నేను చూడలేదు. రోడ్డు జామైన ఆ పొద్దున మళ్లీ పాత పేజీ ఫొటో చూసి కొట్టి ఉంటే చూసేదాన్నేమో. చూడకపోయేదాన్నేమో కూడా. నాకు తెలియదు, ఇక తెలిసే వీలు లేదు.

మూడు వారాల తర్వాత అమెరికా నుంచి మెయిల్ వచ్చింది. ఆ కౌంటీలో, అంటే వాళ్ల జిల్లాలో, గెలిచినాయన మా లెక్కలో ఓడిపోయాడు. ఎన్నడో మట్టిలో కలిసిపోయిన రైతుల నోట్లో నేను వేరే పేరు పెట్టాను. వాళ్లకు పోయేదేం లేదు. కానీ క్లయింట్లు అడిగింది ఒకటే ప్రశ్న. ఇద్దరు మనుషులు విడివిడిగా ఈ తప్పు ఎలా చేశారు?

మేనేజర్ ఇద్దరి ఫైళ్లూ తీయించి అక్షరం అక్షరం పోల్చాడు. కుత్బుల్లాపూర్ నుంచి వచ్చే కుర్రవాడు, కష్టపడి పైకొచ్చినవాడు, చెడ్డవాడు కాదు. సార్ ఫైలు సరిగ్గా నా ఫైలే, ఏడు తప్పులు ఎక్కువ. ఆ ఏడు తప్పులతో వాడికి కథ తెలిసిపోయింది. నా పేజీ చూసి సార్ కొట్టారు, కొట్టడంలో తడబడ్డారు. పాత పేజీలు తిరగేస్తే రెండు నెలలుగా అదే తీరు. నా పేజీ శుభ్రం, సార్ పేజీలో తప్పులు. ఆయనను కాపాడడానికి నేను ఒక్కొక్కటిగా పెట్టినవన్నీ వరసగా ఆయన మీద సాక్ష్యానికి నిలబడ్డాయి.

పదకొండింటికి అందరినీ హాల్లోకి పిలిచాడు. దాచి మాట్లాడితే పుకార్లొస్తాయని, అందరి ముందూ అడుగుతానన్నాడు. బల్ల వేసుకుని కూర్చున్నాడు. పక్కన చెకింగ్ అమ్మాయి నోట్‌బుక్ పట్టుకుని ఉంది, చెప్పినవి రాసుకోవడానికి. కింద మిషన్ ఆగి ఉంది.

"ఏంది సార్ గిది? ఇద్దరిదీ ఒక్క తీరుగ ఎట్ల తప్పైతది? ఎవరి ఫైల్ ఎవరు చూసిర్రు?"

సార్ లేచి నిలబడ్డారు. "నేనేనండి. మేడం గారి ఫైలు చూసి కొట్టాను. ఆవిడకి తెలీదు."

ఆ మాట కోసం ముందే సిద్ధమై వచ్చారని గొంతులోనే తెలిసింది. నాతో ఒక్క మాట అనుకోలేదు. అడిగితే నేను వద్దంటానేమోనని భయపడ్డారో, సరేనంటానేమోనని భయపడ్డారో.

మేనేజర్ నా వైపు తిరిగాడు. "మీరు చెప్పుర్రి మేడం. సార్ మీ ఫైల్ చూసిండా?"

పదహారు మంది నా నోటి వైపు చూస్తున్నారు. నేను కొట్టానని చెబితే ఇద్దరం పోతాం. సార్‌కు ఒరిగేదేమీ లేదు, కళ్ల సంగతి బయటపడి ఎలాగూ పంపేస్తారు. ఈ లెక్క ఆ క్షణంలో నాకు తట్టింది. లెక్కలో తప్పు లేదు. కానీ నేను ఆ లెక్క కోసం చెప్పలేదు. ఆ ఉద్యోగం పోతే నేను మళ్లీ పొద్దంతా ఆ ఇంట్లో ఉండాలి. మా ఆయన వెంట వచ్చిన లీడర్లకు చాయ్‌లు అందిస్తూ, ఎవరికి ఓటెయ్యాలో ఆయన చెబితే వింటూ. పొద్దున ఏడింటికి తలుపు వేసుకుని బయటకు పోయే మనిషిగా ఉండడం నాకు కావాలి. అది పోతుందని భయపడి చెప్పాను.

"చూసిండు" అన్నాను.

గట్టిగానే వచ్చింది. అమ్మాయి రాసుకుంది. సార్ కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఆయన డబ్బా, కళ్లజోడు పెట్టె, వీపు వెనక పెట్టుకునే చిన్న దిండు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగారు. నేను కిటికీలోంచి చూశాను, కిందికి పోలేదు.

ఆ పేజీ దిద్దే పని నాకే ఇచ్చారు. నంబర్లు చూసుకుని, ఎవరి మనుషులను వాళ్ల కిందికి చేర్చాను. పని అయ్యేసరికి గంట పట్టింది. ఆ రోజు ఎవరినీ గొర్లు అనలేదు.

నెల దాటాక ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ముందు వెళ్లలేకపోయాను అంటే అబద్ధం, వెళ్లలేదు. జవహర్‌నగర్ అవతల, కొత్తగా లేచిన కాలనీలో మూడో వీధి. చెత్త డంపు వైపు నుంచి గాలి వీస్తోంది, కిటికీలన్నీ మూసి ఉన్నాయి. కార్డు ఆగిపోయింది. ఇప్పుడు ఊళ్లోకి రెండు బస్సులు మారి సర్కారు ఆస్పత్రికి వెళుతున్నారు. అక్కడ మిషన్ దొరకడమే కష్టం, వారానికి రెండుసార్లే, ఒక్కోసారి ఒకటే. ఆమె మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. పాదాలు ఉబ్బి, పట్టీలు తీసేసిన చోట గీత పడి ఉంది. ముఖం కూడా ఉబ్బింది. నన్ను చూసి లేవబోయింది.

"పడుకోర్రి అమ్మా, లేవకుర్రి" అన్నాను.

సార్ టీ పెట్టి తెచ్చారు. గ్లాసు నా చేతికిచ్చేటప్పుడు నా వేళ్లు ఎక్కడున్నాయో వెతికి పట్టుకుని ఇచ్చారు.

ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఈయన అన్నీ చెప్పారమ్మా. అంత ఆఫీసులో ఒక్కళ్లూ నోరు మెదపలేదంటగా? మీరొక్కరే లేచి, మా సారు అట్టాంటి పని చేసే మనిషి కాదని అందరి ముందూ గట్టిగా మాట్లాడారంటగా. మాకు ఎవరున్నారమ్మా ఇక్కడ. ఆ మాట తల్చుకుని నేను ఎన్నిసార్లు ఏడ్చానో."

నేను సార్ వైపు చూశాను. ఆయన కుర్చీలో కూర్చుని, నేనున్న దిక్కుకు ముఖం పెట్టి ఉన్నారు. ఆ మాట ఆమెకు అబద్ధంగా ఎందుకు చెప్పారో నాకు అర్థమైంది. ఉద్యోగం పోయింది, కార్డు పోయింది. తన మనిషి పరువైనా పోలేదని ఆమెకు మిగలాలి. ఆ మాట ఇప్పుడు నా నోటి మీద ఉంది. నిజం చెబితే నా గుండె బరువు దిగుతుంది, ఆమెకు ఉన్నది కూడా పోతుంది.

"మాట్లాడారు కదమ్మా?" అని మళ్లీ అడిగింది.

"మాట్లాడిన అమ్మా" అన్నాను.

సార్ కుర్చీలోంచి లేచారు. నేనున్న వైపు కాస్త వంగి, "థాంక్సమ్మా" అన్నారు.